చిట్టా, ఆవర్జా: బ్లాగు, వికీల పుట్టుపూర్వోత్తరములు

పాతకాలపు తెలుగు కొట్లలో గుమాస్తా ముందు రెండు పుస్తకములు ఉండెడివి. ఒకటి చిట్టా. ఆ దినమున ఎవరు ఎంత ఇచ్చిరి, ఎవరికి ఎంత పోయినది అను సంగతులు జరిగిన వరుసలోనే, తేదీ వేసి, అందులో వ్రాయబడెడివి. రెండవది ఆవర్జా. దానికి తేదీల వరుస ముఖ్యము కాదు. ఆసామి పేరుతోనో, పద్దు పేరుతోనో ఒక్కొక్క పుట ఉండెడిది. చిట్టాలో పడిన ప్రతి సంగతియు తరువాత ఆవర్జాలోని తగిన పుటకు ఎక్కవలెను. ఫలానా వాని బాకీ ఎంత అని అడిగినచో చిట్టా అంతయు తిరగవేయువాడు పని తెలియనివాడు; ఆవర్జా చూచిన చాలును. కాని ఆవర్జాలోని అంకెపై తగవు వచ్చినపుడు సాక్ష్యము పలుకునది చిట్టాయే.

ఇంటర్నెట్టుపై సామాన్యుడు స్వయముగా వ్రాయుటకు వీలు కల్పించిన సాధనములలో బ్లాగు, వికీ అనునవి రెండును మిక్కిలి ప్రసిద్ధములు. బ్లాగులో ఒక వ్యక్తి తన పేరుతో, తేదీ వేసి, ఒకదాని మీద ఒకటిగా వ్రాసికొనుచు పోవును. క్రొత్తది పైనను, పాతది క్రిందను ఉండును. చదివినవారు అడుగున వ్యాఖ్య వ్రాయగలరే కాని అసలు వ్రాతను ముట్టజాలరు. వికీలో పుటకు పేరు విషయమును బట్టి వచ్చును. ఎవరు వచ్చినను ఆ పుటను దిద్దవచ్చును, చేర్చవచ్చును, కొట్టివేయవచ్చును. పుట మీద ఏ ఒక్కరి సంతకమును ఉండదు. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా అనుకొన్నచో వీని స్వభావము చాలవరకు బోధపడును. అయితే ఈ రెండు పుస్తకములు ఒకే గుమాస్తా బల్లపై పుట్టలేదు. అమెరికాలో, దాదాపు ఒకే కాలమున, వేరువేరు మనుష్యుల చేతులలో, ఒకదాని సంగతి మరియొకదానికి తెలియకయే పుట్టినవి.

అవి పుట్టుటకు మూలమైన లోపము ఒకటి కలదు. స్విట్జర్లాండులో జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచున్న టిం బెర్నర్స్-లీ 1989 మార్చిలో ఒక ప్రణాళికను పైవారికి సమర్పించెను. ప్రపంచమంతట పరచుకొనిన వెబ్బునకు అదియే నాంది. 1990 చివరకు అతడు తయారు చేసిన మొదటి బ్రౌజరు కేవలము చదువుటకు మాత్రమే కాదు. అందులోనే పుటను దిద్దుటకు కూడ వీలుండెను. చదువువాడును వ్రాయువాడును ఒక్కడే కావలెనని అతని ఊహ. కాని ఆ బ్రౌజరు నెక్స్ట్ అను అరుదైన కంప్యూటరుపై మాత్రమే పనిచేసెడిది. 1993లో ఇలినాయి విశ్వవిద్యాలయము నుండి వెలువడిన మొజాయిక్ బ్రౌజరు వెబ్బును లోకమునకు పరిచయము చేసెను. బొమ్మలను మాటల నడుమనే చూపెను. కాని దానిలో దిద్దుటకు వీలు లేదు. చూచుట సులభమయ్యెను, వ్రాయుట మరుగున పడెను. పుట పెట్టదలచినవాడు గుర్తుల భాష నేర్చుకొని, ఫైలు తయారు చేసి, దానిని సర్వరునకు చేరవేయవలసి వచ్చెను. ఆ పని ప్రోగ్రాములు తెలిసినవారికే గాని అన్యులకు చేతనయ్యెడిది కాదు. వికీయు బ్లాగును ఈ కోటగోడకు రెండు వైపుల నుండి పడిన రెండు గండ్లు.

మొదటి గండి కొట్టినవాడు వార్డ్ కన్నింగ్‌హాం. ఇతడు అమెరికా పడమటి తీరమున, ఆరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లాండు నగరవాసి, ప్రోగ్రాముల రచనలో చేయి తిరిగినవాడు. 1980 దశకము చివర అతడు ఆపిల్ సంస్థవారి హైపర్‌కార్డు అను సాధనముతో అట్టముక్కల వంటి పుటలను కల్పించి, ఏ ఆలోచన ఎవరినుండి ఎవరికి చేరినదో గుర్తుంచుకొను ప్రయత్నము చేసెను. ఒక ముక్కపై ఇంకను లేని మరియొక ముక్క పేరు వ్రాసినచో, దానిని నొక్కగానే ఆ క్రొత్త ముక్క పుట్టెడిది. ఈ చిన్న యుక్తిని అతడు మరువలేదు. ప్రోగ్రాముల నిర్మాణములో మరల మరల ఎదురగు చిక్కులకు అనుభవజ్ఞులు కనిపెట్టిన ఉపాయములను ఒకచోట కూర్పవలెనని సంకల్పించినపుడు, వ్యాసములు పంపుడని అందరిని బ్రతిమాలుటకు బదులు, వారే వచ్చి వ్రాసికొను ఏర్పాటు చేసెను. 1995 మార్చి 25న అది వెబ్బుపైకి వచ్చెను.

దానికి పెట్టిన పేరుకు ఒక కథ ఉన్నది. కన్నింగ్‌హాం మొదటిసారి హవాయి వెళ్లినపుడు హొనొలులు విమానాశ్రయములో ఒక ఉద్యోగి అతనిని వికీ వికీ బస్సు ఎక్కుమనెను. అది విమానాశ్రయ భవనముల మధ్య తిరుగు బస్సు. హవాయి భాషలో వికి అనగా త్వరగా అని అర్థము. మనము చకచక, బిరబిర అన్నట్లు వారు రెండుమార్లు పలుకుదురు. చకచక వ్రాయదగిన వెబ్బు కావున వికీవికీవెబ్బు అయినది. తెలుగువారు మొదట చేపట్టి యుండినచో దానిని బిరబిర అనియే పిలుచుచుందుమేమో!

ఆ వికీలోని కిటుకు ప్రశ్నార్థకములో ఉన్నది. ఒక పుటలో వ్రాయుచు, ఇంకను ఎవరును వ్రాయని విషయము పేరెత్తినచో ఆ పేరు ప్రక్కన ఒక ప్రశ్న గుర్తు వెలసెడిది. దానిని నొక్కినవానికి ఖాళీ పుట తెరచుకొనెడిది. అనగా ఆ పుస్తకము తనలో ఏమున్నదో చెప్పుటయే కాక ఏమి లేదో కూడ చెప్పుచుండెను. అచ్చుపుస్తకములో లేని విషయము లేనట్లే తెలియదు. ఇక్కడ లోపమే పిలుపు. ఇది గాక ఇటీవలి మార్పులు అను పుట ఒకటి ఉండెను. ఏ పుటను ఎప్పుడు ముట్టిరో అందులో తేదీల వరుసన కనబడును. ఆవర్జాలోపలనే ఒక చిన్న చిట్టా దాగియున్నదన్నమాట.

బ్లాగునకు ఇట్టి ఒక్క జన్మదినము లేదు. 1994 జనవరిలో జస్టిన్ హాల్ అను కళాశాల విద్యార్థి తన చూచిన పుటల పట్టికతో ప్రారంభించి, క్రమముగా తన జీవితమునే వెబ్బునకు ఎక్కించెను. 1997లో డేవ్ వైనర్ అను ప్రోగ్రామరు స్క్రిప్టింగ్ న్యూస్ అను పేర ప్రతిదినము వ్రాయసాగెను. ఆ సంవత్సరమే డిసెంబరు 17న జార్న్ బార్గర్ అనునతడు తాను దినదినము చూచిన మంచి పుటల పట్టికకు వెబ్‌లాగ్ అని పేరు పెట్టెను. లాగ్ అనగా కొయ్య. పూర్వము నావికులు ఓడ వేగము కొలుచుటకు సమదూరములలో ముడులు వేసిన త్రాడునకు కొయ్యముక్క కట్టి సముద్రములో వేసి, ఇసుక గడియారము రాలిపోవులోపల ఎన్ని ముడులు జారినవో లెక్కించెడివారు. ఓడల వేగమును నేటికిని ముడులలోనే చెప్పుట అందువలననే. ఆ లెక్క వ్రాయు పుస్తకము లాగ్‌బుక్కు అయినది. పిమ్మట తేదీ వేసి వ్రాయు ప్రతి పుస్తకమునకును ఆ పేరు వర్తించినది. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ అనునతడు వెబ్‌లాగ్ అను మాటను వేడుకకు మరియొకచోట విరిచి, వి బ్లాగ్, అనగా మేము బ్లాగు చేయుదుము అని పలికెను. వెబ్ అను మాటలో కొంత ఊడి బ్లాగు మిగిలినది.

1999 ఆరంభమున తెలిసిన వెబ్‌లాగుల పట్టికలో 23 మాత్రమే ఉండెను. ఆ ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని పైరా లాబ్స్ అను చిన్న సంస్థ బ్లాగర్ అను సాధనమును విడుదల చేసెను. పెట్టెలో వ్రాసి మీట నొక్కినచో తేదీతో సహా పుట తయారగును. గుర్తుల భాష అక్కరలేదు. అంతటితో సంఖ్యలు లెక్కకు అందకుండ పోయినవి. 2003 ఫిబ్రవరిలో పైరాను గూగుల్ కొన్నది. ఆ సంవత్సరమే మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి రూపము వెలువడెను.

ఇక వికీని ప్రపంచప్రసిద్ధము చేసినది ఒక అపజయము. జిమ్మీ వేల్స్ 2000 మార్చిలో న్యూపీడియా అను ఉచిత విజ్ఞానసర్వస్వమును ప్రారంభించి, తత్త్వశాస్త్ర విద్వాంసుడైన లారీ సాంగరును సంపాదకునిగా నియమించెను. వ్యాసములు నిపుణులే వ్రాయవలెను. ఏడు మెట్ల పరిశీలన దాటవలెను. ఏర్పాటు సర్వాంగసుందరముగ ఉన్నది. వ్యాసములు మాత్రము రాలేదు. 2003లో మూతపడునాటికి తుది ఆమోదము పొందినవి పాతిక ప్రాంతములోనే. నిపుణులు పూర్తిచేయుటకు ముందు సామాన్యులు చిత్తు వ్రాయుటకై ప్రక్కన ఒక వికీ పెట్టిన బాగుండునని తోచి, 2001 జనవరి 15న వికీపీడియాను తెరచిరి. అది న్యూపీడియాకు వంటయిల్లుగా పుట్టినది. కాని జనము వంటింటిలోనే భోజనము చేయసాగిరి. మొదటి సంవత్సరము ముగియునాటికి ఇంగ్లీషు వ్యాసములు పదిహేను వేలు దాటినవి.

అందరును దిద్దగల పుస్తకమును నమ్ముటెట్లు? ఈ సందేహము క్రొత్తది కాదు. తాటాకులకు ప్రతులు వ్రాసినవారు నడుమ తమ పద్యములను జొనుపుట తెలుగు సాహిత్యమున అందరును ఎరిగినదే. ప్రక్షిప్తములను ఏరుటకు బ్రౌను దొర పలు ప్రతులు తెప్పించి పండితులచేత సరిచూపించెను. అక్కడ చిక్కేమనగా, చొప్పించినవాడెవడో, ఎప్పుడు చొప్పించెనో ఆకు చెప్పదు. వికీపీడియాలో ప్రతి పుట వెనుకను చరితము అను మరియొక పుట ఉన్నది. ఏ అక్షరము ఏ నిమిషమున ఏ పేరుతో, లేక ఏ కంప్యూటరు అంకెతో చేరినదో అందులో ఉండును. పాత ప్రతి ఏదియు పోదు. ఒక్క మీటతో దానిని తిరిగి నిలుపవచ్చును. పాడు చేయుటకు పట్టు శ్రమకంటె బాగుచేయుటకు పట్టు శ్రమ తక్కువ. వికీ నిలుచుటకు గల యాంత్రిక కారణము ఇదియే. మనుష్యుల మంచితనము రెండవ కారణము మాత్రమే.

కాని ఎవడును చూడని పుటను ఏ మీటయు రక్షింపజాలదు. జాన్ సీగెంథాలర్ అమెరికాలో పేరుపొందిన పాత్రికేయుడు. 1961లో రాబర్ట్ కెనెడీకి సహాయకుడుగ పనిచేసినవాడు. ఆయన అంత్యక్రియలలో పాడె మోసినవాడు. 2005 మే నెలలో ఎవరో పేరు తెలియని వ్యక్తి ఆయనపై వికీపీడియాలో ఒక పుట పుట్టించి, కెనెడీ సోదరులిద్దరి హత్యలలోను ఆయనకు చేయి ఉన్నట్లు అనుమానము ఉండెడిదని వ్రాసెను. ఆ అబద్ధము నాలుగు నెలలకు పైగా అట్లే ఉండెను. 78 ఏండ్ల వృద్ధుడు తనను నిందించినవాని పేరు తెలిసికొనలేక, నవంబరు 29న యు.ఎస్.ఎ. టుడే పత్రికలో తన గోడు వెళ్లబోసికొనెను. అదే మాట ఒక బ్లాగులో వచ్చియున్నచో బ్లాగు ఎవరిదో విచారింపవచ్చును. చదువరియు అది ఒక్కని మాట అని ఎరిగి చదువును. వికీ పుట అట్లు కాదు. సంతకము లేని వ్రాతకు లోకము ఇచ్చు గౌరవము, అది అందరి మాట అను భ్రమనుండి వచ్చును. ఆ డిసెంబరులోనే ఇంగ్లీషు వికీపీడియా ఖాతా లేనివారు క్రొత్త పుటలను ప్రారంభింపకుండ కట్టడి చేసెను. ఆ నెలలోనే నేచర్ పత్రిక 42 శాస్త్రవిషయములపై రెండు విజ్ఞానసర్వస్వముల వ్యాసములను నిపుణులచేత పోల్పించగా, వికీపీడియాలో 162, బ్రిటానికాలో 123 పొరపాట్లు తేలినవి. ఆ పోలిక పద్ధతిని బ్రిటానికావారు తీవ్రముగా ఖండించిరి. ఏమైనను, శాస్త్రపు పుటలను చూచు కళ్లు ఎక్కువ. ఒక వృద్ధ పాత్రికేయుని పుటను చూచు కళ్లు తక్కువ. తేడా అక్కడ ఉన్నది.

ఏ పనికి ఏ పుస్తకము అను సంగతి తెలియక చేసిన ప్రయోగము కూడ ఆ సంవత్సరముదే. 2005 జూన్ 17న లాస్ ఏంజిలిస్ టైమ్స్ దినపత్రిక ఇరాకు యుద్ధముపై తన సంపాదకీయమును వికీగా పెట్టి పాఠకులు దిద్దుకొనవచ్చునని ప్రకటించెను. యుద్ధము తగునన్నవారు ఒకసారి తిరగవ్రాసిరి. తగదన్నవారు మరల తిరగవ్రాసిరి. పిమ్మట అల్లరిమూకలు బూతుబొమ్మలు తెచ్చి అతికించిరి. జూన్ 19న పత్రిక దానిని మూసివేసెను. బూతుబొమ్మలు లేకున్నను అది నిలిచెడిది కాదు. సంపాదకీయము ఒక అభిప్రాయము. రెండు విరుద్ధాభిప్రాయములను కలిపి దిద్దినచో మూడవ అభిప్రాయము రాదు, గంజి వచ్చును.

దీనికి ఎదురుగా, బ్లాగు తప్ప మరి దేనివలనను కాని పని ఒకటి 2010లో జరిగెను. డిసెంబరు 2న అమెరికా అంతరిక్షసంస్థ నాసా ఆర్భాటముగ ఒక వార్త ప్రకటించెను. కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిన ఒక సూక్ష్మజీవి భాస్వరమునకు బదులు ఆర్సెనిక్కును, అనగా పాషాణములోని మూలకమును, తన శరీరనిర్మాణములో వాడుకొనగలదని సైన్స్ పత్రికలో ఒక వ్యాసము వచ్చినది. జీవమున్న చోటనెల్ల భాస్వరము ఉండవలెనను పాఠము తలక్రిందులగునట్లు కనబడెను. రెండు దినములలోనే కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు రోజీ రెడ్‌ఫీల్డ్ తన బ్లాగులో ఆ వ్యాసమును ఒక్కొక్క పట్టికగా విప్పి, డి.ఎన్.ఏ.ను చాలినంతగా శుద్ధిచేయలేదనియు, ద్రవములో మిగిలిన కొద్ది భాస్వరమే ఆ జీవులకు చాలుననియు వ్రాసెను. చర్చ శాస్త్రపత్రికలలో జరుగవలెను గాని బ్లాగులలో కాదని నాసా ప్రతినిధి మొదట కొట్టివేసెను. ఆమె అంతటితో ఆగక ఆ జీవిని తెప్పించుకొని, ప్రయోగములు చేయుచు, ఏనాటి ఫలితములను ఆనాడే, తప్పులతో సహా, బ్లాగున వ్రాయుచు పోయెను. 2012 జూలైలో సైన్స్ పత్రికయే రెండు వ్యాసములు ప్రకటించెను: ఆ జీవికిని భాస్వరము కావలసినదే. చివరకు 2025 జూలైలో సైన్స్ ఆ మొదటి వ్యాసమును, దాని కర్తలు ఒప్పుకొనకున్నను, ఉపసంహరించెను. 2010 డిసెంబరు 4 నాటికి వికీలో ఈ మాట వ్రాయుటకు వీలే లేదు. ఒకరి సొంత పరిశోధనకు, ఒకరి సొంత శంకకు వికీపీడియాలో తావు లేదు. ఇతరత్ర ప్రకటితమైనదే అందు ఎక్కవలెను. ఒక్కరు పదిమందికి ఎదురు నిలిచినపుడు తేదీ, సంతకము రెండును కావలెను.

రెండు పుస్తకములును ఒకే బల్లపై చేరిన సందర్భము గణితశాస్త్రములో దొరకును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు, 1998లో ఫీల్డ్స్ పతకము పొందిన టిమతీ గవర్స్ 2009 జనవరి 27న తన బ్లాగులో, చాలమంది గణితజ్ఞులు కలిసి బహిరంగముగ ఒక కఠిన సమస్యను సాధింపగలరా అని అడిగెను. అతడు ఎన్నుకొన్న సమస్య హేల్స్–జ్యూయెట్ సాంద్రతా సిద్ధాంతము. సున్నా–ఇంటూ ఆటలో మూడు గళ్లు వరుసన పడినచో గెలుపు. ఆ పలకనే అనేక పరిమాణములకు సాగదీసినట్లు ఊహింపుడు. ఒక్కొక్క గడికి 1, 2, 3 అంకెలతో కూర్చిన పేరు ఉండును. ఆ పేరులో కొన్ని స్థానములను ఖాళీగా ఉంచి, ఖాళీలన్నిటిలో ఒకేసారి 1, పిమ్మట 2, పిమ్మట 3 వేసినచో వచ్చు మూడు గళ్లును ఒక వరుస. 1121, 1222, 1323 అట్టి వరుస. పరిమాణములు హెచ్చిన కొలది, పలకలో నూటికి ఒక గడినే గుర్తించినను, ఆ గుర్తులలో ఎక్కడో ఒక వరుస పడక తప్పదని ఆ సిద్ధాంతము చెప్పును. దీనిని 1991లోనే ఫర్‌స్టెన్‌బర్గ్, కట్స్‌నెల్‌సన్ అనువారు గణితములో మరియొక శాఖకు చెందిన బరువైన పనిముట్లతో నిరూపించియుండిరి. సూటియైన లెక్కింపు పద్ధతిలో నిరూపణ దొరకునా అనునదే గవర్స్ ప్రశ్న.

ఫిబ్రవరి 1న పని మొదలయ్యెను. ఏడు గంటలవరకు ఎవరును పలుకలేదు. పిమ్మట కెనడానుండి ఒక గణితాచార్యుడు, అతని వెనుక పావుగంటలో అరిజోనానుండి ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, మరి మూడు నిమిషములకు 2006లో ఫీల్డ్స్ పతకము పొందిన టెరెన్స్ టావో వ్యాఖ్యలు వ్రాసిరి. ఇంటివద్ద కూర్చుండి పూర్తిగ ఆలోచించి తెచ్చుట కాదు, అరకొర ఊహనైనను అప్పటికప్పుడే చెప్పవలెనని గవర్స్ నియమము. ఇది చెప్పినంత సులభము కాదు. గణితజ్ఞుడు తన చిత్తుకాగితమును బయటివారికి చూపడు. పదిమంది ముందు తప్పు లెక్క చెప్పి, ఆ తప్పు తన పేరుతో, తేదీతో శాశ్వతముగ నిలిచిపోవుటకు ఒప్పుకొనవలెను. దానికి ఒప్పుకొన్నవారు 27 మంది. 37 దినములలో సుమారు 800 వ్యాఖ్యలు, 1,70,000 మాటలు చేరినవి. మార్చి 10న సమస్య దాదాపు తేలినట్లేనని గవర్స్ ప్రకటించెను.

ఈ వేగమే చిక్కు తెచ్చినది. వారమాలస్యముగ వచ్చినవానికి వందలకొలది వ్యాఖ్యలు చదువక త్రోవ దొరకదు. వ్యాఖ్యలకు వరుస అంకెలు వేసిరి, చాలలేదు. అందుచేత మైకేల్ నీల్‌సన్ తన స్థలములో ఒక వికీ తెరచెను. బ్లాగులో తేలిన నిర్వచనము, ఓడిపోయిన ఉపాయము, దానికి కారణము, తీరని ఉపప్రశ్న, వీనినన్నిటిని పద్దుల వారీగ వికీకి ఎక్కించిరి. టావో తన బ్లాగులో ప్రక్క ప్రశ్న ఒకటి నడిపించెను: ఒక్క వరుసయు పడకుండ ఎన్ని గళ్లను గుర్తింపవచ్చును? పరిమాణములు నాలుగైనపుడు 52, ఐదైనపుడు 150, ఆరైనపుడు 450 అని తేల్చిరి. వాదము చిట్టాలోను, తేలిన నిలువ ఆవర్జాలోను ఉండెను. గుమాస్తాకు తెలిసిన విద్యనే గణితజ్ఞులు అవసరము కొలది మరల కనుగొనిరి.

ఇక ఫలము ఎవరిది? వ్యాసమును 2012లో గణితశాస్త్రములో అగ్రశ్రేణి పత్రికయగు ఆనల్స్ ఆఫ్ మాథమాటిక్స్ ప్రకటించెను. కర్త పేరు డి.హెచ్.జె. పాలీమాథ్. అట్టి మనుష్యుడు లేడు. మొదటి మూడు అక్షరములును సిద్ధాంతము పేరులోనివే. కర్తలను ఏర్పరచి పేర్లు వ్రాయుటలో వచ్చు తగవులను ఇట్లు దాటిరి. ఉద్యోగము కొరకు తన కృషిని చూపుకొనవలసిన యువకునకు ఈ పేరు అక్కరకు రాదు. అతడు బ్లాగునకు వెళ్లి తన వ్యాఖ్య అంకెను చూపవలసినదే. 2013లో యీటాంగ్ ఝాంగ్ అనంతముగ అనేక ప్రధానసంఖ్యల జంటలలో ఎడము 7 కోట్లకు మించదని నిరూపించినపుడు, ఆ ఎడమును తగ్గించుటకు ఇదే పద్ధతిలో మరల కూడిరి. వికీలో ఒక పట్టిక వేసి, ఏనాడు ఎంతకు తగ్గినదో, ఏ వ్యాఖ్యలో ఆ మాట వచ్చినదో ప్రక్కన గుర్తించుచు పోయిరి. జూలై చివరకు 4,680. జేమ్స్ మేనార్డ్ క్రొత్త ఉపాయముతో నవంబరులో 600. పిమ్మట 2014లో 246. ఈ రెండవ విడతలో ఆవర్జాలోని ప్రతి అంకెకును చిట్టా ఆధారముండెను. శాస్త్రవిషయములలో ఇంతకంటె చక్కని లెక్క ఎక్కడను కనబడదు.

తెలుగులో ఈ రెండు సాధనములును రాకకు మునుపు లిపి రావలసి వచ్చెను. 1991లోనే యూనికోడులో తెలుగు అక్షరములకు స్థానము దొరకినను, సామాన్యుని కంప్యూటరులో అవి కనబడుట 2000 తరువాతనే. అంతవరకు ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఖతి వాడుటచేత ఒకరి వ్రాత మరియొకరికి పిచ్చిగీతలుగ కనబడెడిది. ఇక ఒకరి వ్రాతను మరియొకరు దిద్దుట ఎట్లు సాధ్యము? 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమయ్యెను. ఇంగ్లీషు అక్షరములు నొక్కినచో తెలుగు అక్షరములు వెలయించు లేఖిని వంటి సాధనములు వచ్చిన పిమ్మట తెలుగు బ్లాగులు గుంపులుగా వెలసినవి. వానినన్నిటిని ఒకచోట చూపుటకు కూడలి అను స్థలము ఏర్పడెను. అమెరికాలోని ఇంజనీరు, హైదరాబాదు గృహిణి, కోస్తా పల్లెటూరి ఉపాధ్యాయుడు ఒకే వరుసన కనబడెడివారు. పిమ్మట ఫేస్‌బుక్కు వచ్చి వారిలో చాలమందిని తీసికొనిపోయినది.

కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును ఒంటిచేతితో మోసెను. మూడు సంపుటములు వెలువడినవి. అకారము దాటకయే 1923లో ఆయన కన్నుమూసెను. పని ఆగిపోయినది. 1930 దశకములో కాశీనాథుని నాగేశ్వరరావు మరల చేపట్టవలసి వచ్చెను. తెలుగు వికీపీడియాలో వ్యాసములు 70,000 మించినవి. వీనిలో పలుచని పుటలకు కొదువలేదు. చాల గ్రామముల పుటలు జనాభా లెక్కలకు మించి ఏమియు చెప్పవు. లక్ష్మణరావు వ్యాసములతో వానిని తూచుట ధర్మము కాదు. అయినను అందులో ఏ ఒక్కరు పోయినను పుట ఆగదు. మరియొకరు మిగిలిన వాక్యమును వ్రాయుదురు. బ్లాగునకు ఆ భాగ్యము లేదు. వ్రాయువాడు ఆగిన నాడు అదియు ఆగును. స్థలపు అద్దె కట్టువారు లేనిచో మాయమగును.

అందువలన ఒక విచిత్రము జరుగుచున్నది. వికీపీడియా పుటల అడుగున ఆధారములుగా చూపిన లంకెలలో చాల వానిని నొక్కినచో ఏమియు తెరచుకొనదు. అవి చూపిన స్థలములు మూతపడినవి. ఆవర్జాలో అంకె ఉన్నది, చిట్టా లేదు. 1996లో బ్రూస్టర్ కాల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవు అప్పుడప్పుడు వెబ్బు పుటలకు నకళ్లు తీసి దాచుచున్నది. 2001 నుండి వానిని ఎవరైనను చూడవచ్చును. వారి యంత్రమొకటి వికీపీడియా పుటలను తిరుగుచు, చచ్చిన లంకె ఎక్కడ కనబడిన అక్కడ, దాచిన నకలు ఉన్నచో దాని చిరునామాను అతికించుచున్నది. ఏ పుటకు అతికించెనో, ఏ నిమిషమున అతికించెనో ఆ పుట చరితములో తేదీతో సహా నమోదగుచున్నది.